సరిహద్దు దాటి ఒక వైపు ప్రయాణము

మన సంఘములలో వెల్లూరు పేరు వినని కుటుంబము అరుదు. మన జిల్లా ఆసుపత్రిలో "ఇంకా పెద్ద చోటికి తీసుకుపోండి" అని చెప్పిన రోజున చాలామందికి మొదట గుర్తుకు వచ్చేది క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రియే. అక్కడి వైద్యమును గూర్చి చాలామంది వ్రాసియున్నారు. మేము వ్రాయబోయేది అక్కడికి చేరే దారిని గూర్చి, ముఖ్యముగా అద్దె కారును గూర్చి. చిన్న సంగతే గాని, అది మాకు పెద్ద పాఠము నేర్పినది.

2024 జనవరిలో మా సంఘపు పెద్దమ్మ ఒకామెకు కడుపులో గడ్డ ఉన్నదని తేలినది. ఆమె విధవరాలు. కుమారుడు కావలి దగ్గర కూలి పని చేసుకొనుచున్నాడు. బాగా నడవగలవారికి రైలే చవక, కాట్పాడి జంక్షనులో దిగితే వెల్లూరు దగ్గరే. అయితే ఆమె అరగంట కూడా కూర్చుండలేదు, పడుకొనియే రావలెను. వెళ్ళుట ఖాయము, తిరిగి ఎప్పుడు వచ్చునో ఎవరికి తెలియదు. కాబట్టి మాకు కావలసినది ఒక వైపుకే అద్దె కారు.

మేమిద్దరము ఆ కుమారుని వెంటబెట్టుకొని ట్యాక్సీ యజమాని యొద్దకు వెళ్ళాము. మా ఊరి నుండి నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి, చిత్తూరు మీదుగా వెల్లూరు సుమారు 300 కిలోమీటర్లు. ఆయన కాగితము మీద 600 అని వ్రాశాడు. కిలోమీటరుకు 14 రూపాయల లెక్కన 8,400. డ్రైవరు బేటా, టోల్‌గేటులు అదనము. మొత్తము పది వేలకు దగ్గర.

"మేము దిగిపోతే మిగిలిన 300 కిలోమీటర్లకు మేమెందుకు ఇవ్వాలి?" అని అడిగాము.

"బండి అక్కడే ఉండిపోదు గదా అయ్యగారూ! తిరిగి వచ్చే డీజిలు, డ్రైవరు రాత్రి, ఇవన్నీ ఎవరో ఒకరు పెట్టుకోవాల్సిందే" అన్నాడు ఆయన.

మరి కారు మాత్రమే అద్దెకు తీసుకొని మనమే నడుపుకొనిపోతే? నల్ల పలక మీద పసుపు అక్షరములు గల అటువంటి కార్లు పట్టణములలో దొరుకును. ముందుగా కొంత సొమ్ము డిపాజిటు కట్టవలెను. మేము విచారించిన చోట, కారును తీసుకొన్న పట్టణములోనే తిరిగి అప్పగించవలెనని షరతు. వెల్లూరులో వదలి రావడము కుదరదు.

ఇంతలో సంఘస్థుల బంధువు ఒకరు తన సొంత కారులో 5,500కే తీసుకుపోయెదనని చెప్పాడు. స్త్రీల సమాజము వారు ఇంటింటికి తిరిగి కూడబెట్టిన డబ్బు మా చేతిలో ఉన్నది. కారుకు మిగిల్చిన ప్రతి రూపాయి మందులకు పోవును. మేము సరే అన్నాము. అప్పుడు ఆయన, "సరిహద్దులో ఆపితే చుట్టాలమని చెప్పండి అయ్యగారూ. మీరు చెప్తే ఎవరైనా నమ్ముతారు" అన్నాడు.

తెల్ల పలక గల సొంత కారును అద్దెకు నడుపుట చట్టవిరుద్ధము. అద్దెకు తిరిగే బండికి పసుపు పలక, పర్మిట్టు, దానికి తగిన బీమా ఉండవలెను. సొంత కారు బీమా అద్దె ప్రయాణమునకు వర్తించదు. దారిలో ప్రమాదము జరిగితే రోగి, ఆమె కుమారుడు, ఆ కారు యజమాని ముగ్గురూ వీధిన పడుదురు. ఇవన్నీ మేము ఎరుగుదుము. ఎరిగియు సరే అన్నామని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము.

ఆ సాయంకాలము ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఈ సంగతి పెద్దమ్మకు చెప్పాము. ఆమె గోడ వైపు తిరిగి కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "నా ప్రాణానికని పోతా మీ నోట అబద్ధం పలికించనా అయ్యా? రైల్లోనే పడిఉండి పోతాలే" అన్నది. ఆదివారమున మేము ప్రసంగించేది ఆమె మంచము మీద ఉండి మాకు ప్రసంగించినది. ఆ కారు వద్దని అప్పుడే ఫోను చేశాము.

మరి డబ్బు? ట్యాక్సీ యజమాని మాటను తిప్పి తిప్పి ఆలోచించాము. తిరుగు దారి ఖాళీగా ఉన్నందుననే గదా ఇంత ఖర్చు? ఆ ఖాళీని నింపగలవారు ఎవరైనా ఉన్నారా? మా జిల్లాలో తెలిసిన పాస్టర్లకు ఒక్కొక్కరికి ఫోను చేశాము. ఆరవ ఫోనుకు జవాబు దొరికినది. వారి సంఘపు తండ్రి ఒకాయన వెల్లూరులో ఆపరేషను చేయించుకొని గురువారము ఇంటికి రానున్నాడు. వారును ఒక వైపు కారు కొరకే వెదకుచున్నారు! రెండు కుటుంబములు చెరి సగము పెట్టుకొనుటకు ఒప్పుకొన్నాము. యజమాని సంతోషముతో ఇరువురి పేర్లు ముందుగా వ్రాసుకొన్నాడు. మా వంతు 5,000. అబద్ధపు ప్రయాణము కంటె తక్కువే.

యజమాని బండి కాగితములు కూడ మాకు చూపించాడు. 2021లో వచ్చి 2023లో మార్చిన నిబంధనల ప్రకారము అద్దె బండ్లకు అఖిల భారత టూరిస్టు పర్మిట్టు ఆన్‌లైనులో ఇచ్చుచున్నారు. అది లేని బండి తమిళనాడు కొరకు తాత్కాలిక పర్మిట్టు, పన్ను వేరుగా కట్టుకొనవలెను. ఈ ఖర్చు అద్దెలో కలిసియున్నదో లేదో ముందే అడగవలెను. చాలా తగాదాలు సరిహద్దు దగ్గరనే మొదలగును.

గురువారము తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరాము. ఏడు సీట్ల బండి. నడిమి సీటు మీద పరుపు వేసి పెద్దమ్మను పడుకోబెట్టాము. మేమిద్దరము వెనుక, కుమారుడు డ్రైవరు ప్రక్కన. నెల్లూరు దాటుసరికి తెల్లవారినది. తిరుపతిలో ఆగి ఇడ్లీ తిన్నాము. ఆమె నాలుగు గుక్కల కాఫీ త్రాగినది. తరువాత బండరాళ్ళ కొండలు, మామిడి తోటలు, చెరకు చేలు. ప్రతి గతుకుకు డ్రైవరు వేగము తగ్గించి, అద్దములో ఆమె ముఖము చూచుచుండెను.

చిత్తూరు నుండి వెల్లూరు 40 కిలోమీటర్ల లోపే. 1911 వరకు ఈ రెండును ఉత్తర ఆర్కాటు అను ఒకే జిల్లాలో ఉండినవి, చిత్తూరే ఆ జిల్లాకు ముఖ్య పట్టణము. ఇప్పుడు నడుమ రాష్ట్రపు గీత ఉన్నది. అటువైపు మొదట వచ్చే ఊళ్ళలో ఒకదాని పేరు క్రిస్టియాన్‌పేట. అంగళ్ళ మీద గుండ్రని మన అక్షరములు తగ్గి అరవ అక్షరములు ఎక్కువైనవి గాని, మేము టీ త్రాగిన చోట అంగడివాడు తెలుగులోనే చిల్లర లెక్కపెట్టాడు.

సరిహద్దులో బండిని ఆపారు. కాగితములు చూచి, "వీళ్ళెవరు?" అని అడిగారు. "రోగి, ఆమె కుమారుడు, మేము వారి సంఘపు పాస్టరు కుటుంబము. ఇది అద్దె బండి" అన్నాము. రెండు నిమిషములలో పొమ్మన్నారు. పెద్దమ్మ కన్నులు మూసుకొనియే నవ్వినది. ఆ నవ్వు ఎదుట తలవంచుకొన్నాము.

కాట్పాడి దాటి, పాలారు వంతెన ఎక్కి, ఇసుకే గాని నీరు కనబడని ఆ నదిని దాటి వెల్లూరు చేరాము. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ఆసుపత్రికి 2022 నుండి రాణిపేట దగ్గర మరొక పెద్ద ప్రాంగణము కూడ ఉన్నది. మీ చీటీలో ఏ ప్రాంగణము వ్రాసియున్నదో చూచుకొని, డ్రైవరుకు ముందే చెప్పవలెను. లేనియెడల రోగితో రెండవ ప్రయాణము తప్పదు.

ఆ రాణిపేటలోనే 1870లో ఐడా స్కడ్డర్ దొరసాని జన్మించినది. చదువు కొరకు అమెరికా వెళ్ళి, 1890లో జబ్బుపడిన తల్లిని చూచుకొనుటకు వచ్చి, త్వరగా తిరిగి వెళ్ళవలెననియే తలంచినది. తిండివనములో ఒక రాత్రి ముగ్గురు స్త్రీలు పురుష వైద్యుని చూడనీయని కట్టుబాటు వలన ప్రసవ వేదనలో మరణించుట ఆమె మనస్సును మార్చినది. వైద్యము నేర్చుకొని 1900లో వచ్చి, వెల్లూరులో ఒకే మంచముతో పని ఆరంభించినది. 1960లో కన్నుమూయువరకు ఈ దేశమునే తన ఇల్లు చేసుకొన్నది. తిరుగు ప్రయాణము మానుకొన్న ఒక స్త్రీ వలన ఎందరో రోగులు ఇంటికి తిరిగి వెళ్ళగలుగుచున్నారు.

మా ఏర్పాటులో ఒక చిక్కు వచ్చినది. ఆ తండ్రి డిశ్చార్జి శుక్రవారమునకు మారినది. బండి ఒక రోజు ఆగినందుకు వెయిటింగు, బేటా కలిపి 1,500. ఎవరు పెట్టుకొనవలెనని రెండు కుటుంబములు ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు. ఇది ముందే మాటలాడుకొనకపోవుట మా తప్పు. చివరకు చెరి సగము వేసుకొన్నాము. మేము విసుగుకొనుట చూచి డ్రైవరు మెల్లగా అన్నాడు: "ఖాళీ బండితో రాత్రిపూట ఒక్కడినే పోవాలంటే భయమయ్యా. మాట్లాడేవాళ్ళు లేక కన్ను మూతపడతాది. ఈసారి నిద్రపోయి, మనుషులతో పోతాండా." ఆ మాటతో మా నోరు మూతపడినది. మేము దిగిపోయిన తరువాత కూడ ఆ దారి ఒకనికి మిగిలియున్నదని అంతవరకు తలంచలేదు.

పెద్దమ్మకు ఆపరేషను జరిగినది. మూడు వారముల తరువాత ఆమె కాట్పాడిలో రైలు ఎక్కి, కిటికీ ప్రక్కన కూర్చుండి ఇంటికి వచ్చినది. కూర్చుండియే!

ప్రియులారా, మీరు అటువంటి ప్రయాణము ఏర్పాటు చేయునప్పుడు పసుపు పలక, పర్మిట్టు, పన్ను, టోలు, వెయిటింగు ముందే అడగండి. ఆసుపత్రి ప్రాంగణము చూచుకొనండి. ఇరుగుపొరుగు సంఘములకు ఫోను చేసి, అటునుండి వచ్చువారు ఎవరైనా ఉన్నారేమో విచారించండి. మిమ్మును దించిన డ్రైవరుకు భోజనము పెట్టించి, కొంతసేపు నిద్రపోనిచ్చి పంపండి. మనము ఒక వైపు ప్రయాణము అనుకొనే ప్రతి దానికి, ఎవరో ఒకరు నడువవలసిన తిరుగు దారి ఉన్నది.