మా ఊరి వయసు

2027 జనగణనకు వచ్చే టీచరు ఉయ్యూరు దగ్గర మా ఇంట్లో రెండు పేర్లే రాసుకుంటారు. అమ్మ, నాన్న. తమ్ముడు బెంగళూరు లెక్కలోకి పోతాడు. డాలస్‌లో ఉన్న మేం ఆ కాగితాల్లో ఎక్కడా కనపడం. మా వీధిలో చాలా ఇళ్లది ఇదే వరస. మేడలు పెద్దవి, పొయ్యి మీద అన్నం ఇద్దరికి.

2023లో జనాభాలో మన దేశం చైనాను దాటిందన్నప్పుడు ఇక్కడి ఆఫీసులో అందరూ, మీ ఊళ్లు కిక్కిరిసి ఉంటాయా అని అడిగారు. సాయంత్రం విజయవాడ బెంజి సర్కిల్ చూస్తే ఔననే అనాలి. కాలవ గట్టు పట్టుకుని ఊళ్లలోకి వెళితే మాత్రం సంగతి వేరు. 2001–2011 మధ్య దేశ జనాభా 17.7 శాతం పెరిగితే కృష్ణా జిల్లాలో పెరుగుదల 8 శాతం లోపే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, బీహార్‌లో 3. తరం తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. మా ఊళ్లో ఇప్పుడు వరి నాట్లకు వేరే రాష్ట్రాల కూలీలు వస్తున్నారు.

కాన్పుల్లో ఈ తగ్గుదల భారమంతా మోసింది ఆడవాళ్లు. మా అమ్మ ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ చేయించుకుంది. తర్వాతి తరమూ అదే దారిన నడిచింది. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతమైనా లేవు. ఇద్దరిని మించి కన్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం చేసిన రాష్ట్రమే, 2024 నవంబరులో ఆ నిబంధన ఎత్తేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమని ప్రభుత్వ పెద్దలు చెబుతున్నారు. ఒకప్పుడు వద్దన్నదీ, ఇప్పుడు కావాలంటున్నదీ ఆడవాళ్ల ఒంటి మీదనే కదా అని నాకు బాధగా ఉంటుంది.

పైగా ఇవాళ పుట్టిన బిడ్డ అక్కరకు రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఎనభైకి దగ్గరపడ్డవారికి అంత వ్యవధి లేదు. అర్ధరాత్రి ఆయాసం వస్తే విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి వాళ్లకు ఇప్పుడే కావాలి.

బయట ఉన్న మనం ఊరికి చాలా ఇచ్చాం. గుళ్లు, కల్యాణ మండపాలు, స్వాగత ద్వారాలు కట్టించాం. ఇకమీదట మన చందాలు మనుషుల జీతాలకు పోవాలి. ఊరికో నర్సు, రాత్రీపగలూ అందుబాటులో ఉండే కారు, డ్రైవరు, వండుకోలేని పెద్దలకు మధ్యాహ్నం భోజనం. నాట్లకొచ్చిన కుటుంబాలు ఇక్కడే నిలిచిపోతామంటే, వాళ్ల పిల్లలకు తెలుగు నేర్పే టీచరును కూడా పెట్టాలి. మనం ఖాళీ చేసి వచ్చిన బెంచీల మీద కూర్చోబోయేది వాళ్లే. వాళ్లను పరాయివాళ్లుగా చూసినంతకాలం మా ఊరు ముసలిదవుతూనే ఉంటుంది.