మెనూలో లేని మేము

హోటల్లో కుర్చీ లాక్కుని కూచున్నాక అందరూ ఏం తినాలా అని ఆలోచిస్తారు. మేము ఏ భాషలో అడగాలా అని ఆలోచిస్తాం.

ఆబిడ్స్‌లో ఓ ఉడిపి హోటల్. "దో ఇడ్లీ, ఏక్ వడా" అన్నామో లేదో పక్క టేబుల్ చూపులు మా గడ్డం మీదికి, మా ఆవిడ బురఖా మీదికి జారుతాయి. సరే, తెలుగులో అడుగుదామంటే ఇంకో తంటా. "తెలుగు భలే మాట్లాడుతున్నారండీ, ఎక్కడ నేర్చుకున్నారు?" మీరెక్కడ నేర్చుకున్నారో అక్కడే నేర్చుకున్నాం సారూ! నల్లగొండ జిల్లాలో బాయికాడ, బడిలో, పీర్ల గుండం చుట్టూ. మా తాతల గోరీలన్నీ ఆ ఊరి మట్టిలోనే ఉన్నాయి.

పోనీ మూసీ దాటి చార్మినార్ పక్క ఏ ఇరానీ హోటల్‌కో పోతే అక్కడన్నా మనవాళ్లం అవుతామా? మాది ఊరి ఉర్దూ. మధ్యలో "కదా", "మరి" దూరిపోతుంటాయి. నోరు విప్పగానే సర్వర్ నవ్వుతాడు. "కాఁ కే హై మియాఁ, జిల్లే కే?" ఏ జిల్లా అని అడుగుతున్నాడనుకునేరు. పట్నం వాళ్లం కాదని తేల్చేస్తున్నాడు.

అయినా ఇరానీ హోటల్ మీద మాకు కోపం లేదు. 1990ల చివర్లో బీఏ చదవటానికి పట్నం వచ్చినప్పుడు మాకు నీడనిచ్చింది అదే. బొంబాయి, పుణె మీదుగా వచ్చిన ఇరానీలు ఇక్కడ తెరిచిన ఆ హోటళ్లలో చలవరాతి టేబుళ్లు, వంపు కర్రల కుర్చీలు, సాసర్‌లోకి పొర్లిన చాయ్. పాలు ఎక్కువ కావాలంటే పౌనా. ఆఖరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మోసే ఉస్మానియా బిస్కెట్‌ని అందులో ముంచుకుని తినాలి. వన్ బై టూ చెప్పి ఇద్దరం రెండు గంటలు కూచున్నా లేవమన్నవాడు లేడు. ఒకే టేబుల్ దగ్గర ఆటోవాలా, గుమాస్తా, నిరుద్యోగి, ముషాయిరాలో చదవబోయే గజల్‌ని జేబులో పెట్టుకున్న ముసలాయన. ఎవరి కప్పూ వేరు కాదు.

కప్పు సంగతి ఎందుకెత్తామంటే, మా ఊరి చాయ్ హోటల్లో వేరే గ్లాసులుండేవి. అవి మాకు కాదు. మాదిగ పెద్దయ్యలకి. వాళ్లు తాగి, కడిగి, చూరుకింద బోర్లించి పోయేవాళ్లు. మా అబ్బాకి మామూలు గ్లాసులోనే ఇచ్చేవారు. అబ్బా తాగేవాడు. ఆ రెండో వరస గ్లాసుల్ని చూసీ చూడనట్టు తాగేవాడు. ఈ మాట రాయకుండా మా అవమానాలు మాత్రమే ఏకరువు పెడితే అన్యాయం అవుతుంది.

పట్నంలో కప్పు వేరు కాదన్నాం కదా. ఒక రాత్రి అయింది.

2007 ఆగస్టు 25. కోఠీలో గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో బాంబులు పేలి 42 మంది చచ్చిపోయారు. చాట్ తినటానికి వచ్చిన పిల్లలు, ఆడవాళ్లు. మూడు నెలల ముందు, మే 18న, మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలింది. ఆ రెంటి మధ్యా మా వాళ్ల కుర్రాళ్లని ఎక్కడెక్కడి నుంచో పట్టుకెళ్లారు. ఆ ఆగస్టు రాత్రి డెస్కు పని అయ్యేసరికి ఒంటిగంట దాటింది. ఎప్పటిలా నలుగురం చాయ్‌కి వెళ్లాం. మాతో పదేళ్లుగా కంచం పంచుకున్న మిత్రుడు చక్కెర అందించమని అడగబోయి ఆగాడు. మా పేరు అతని నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. చుట్టూ చూసి "సార్, చక్కెర" అన్నాడు. పదేళ్లలో ఎన్నడూ సార్ అననివాడు! మమ్మల్ని కాపాడదామనే అలా అన్నాడు, మాకు తెలుసు. చక్కెర అందించాం. ఆ చాయ్ మాత్రం గొంతు దిగలేదు.

ఇక బిర్యానీ. 2010లో హైదరాబాదీ హలీంకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2019లో యునెస్కో ఈ నగరాన్ని గ్యాస్ట్రానమీ నగరాల జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ ఆ గొప్పంతా చివరికి మా నెత్తిమీద బిర్యానీ డేగ్‌లా కూచుంది. ఆఫీసులో రంజాన్ వస్తే "హలీం ఎప్పుడు?" బక్రీద్ వస్తే "బిర్యానీ ఏదీ?" మేము రోజూ దమ్ బిర్యానీ తిని మీసాలు తుడుచుకుంటామనుకుంటారు. మా ఇంట్లో బిర్యానీ పెళ్లికి వండేవారు. మిగతా రోజుల్లో జొన్నరొట్టె, గోంగూర, ఎల్లిపాయ కారం. మీరు పచ్చిపులుసు అనేదాన్ని మేము ఖట్టా అంటాం. కుండ ఒకటే, పేర్లు రెండు.

బీదవాడి బిర్యానీ ఇంకోటుంది, కల్యాణి బిర్యానీ. బర్రె మాంసంతో చేస్తారు. నగరం గొప్పలు చెప్పే పుస్తకాల్లో దాని ఫొటో కనిపించదు. మా వాళ్లు బడే కా గోష్త్ అంటారు, పల్లెల్లో పెద్దకూర అంటారు. ఆ బెంచీల మీద మా పక్కన కూచుని తినేది మాల, మాదిగ అన్నలు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే గొడవలయ్యాయి. ఆ పండుగ మా పండుగ కాదని మాలో పెద్దమనుషులు కొందరు తప్పుకున్నారు. ఊళ్లో చూరుకింద గ్లాసులు మళ్లీ గుర్తొచ్చాయి.

నిజాం ఫౌజులో చేరిన యెమెన్ అరబ్బుల వారసులుండే బార్కస్ నుంచి వచ్చిన మండీ ఇప్పుడు సందుసందుకీ ఉంది. ఏ కులం పిల్లలో, ఏ ఊరి పిల్లలో, నేలమీద చుట్టూ కూచుని ఒకే పళ్లెంలో చెయ్యి పెడుతుంటే మాకు కడుపు నిండుతుంది. ఆ పిల్లల్లో ఒకడి ఇంటి గేటుకి టులెట్ బోర్డు ఉంటే, మా పేరు విన్నాక ఆ బోర్డు ఉంటుందా అన్న అనుమానమూ ఉంటుంది. రెండూ ఒకే పూట.

మొన్నామధ్య మా మేనకోడలు మొదటి జీతంతో అందరినీ పెద్ద స్టార్ హోటల్‌కి తీసుకెళ్లింది. బఫే. గిన్నె గిన్నెకీ ఓ చీటీ: నవాబీ, షాహీ, నిజామీ. అమ్మీ డెబ్బై దాటిన మనిషి. దుపట్టా సర్దుకుంటూ అన్నీ చూసి మా చెవిలో అంది, "ఇవన్నీ పాద్షాల తిండి బేటా. మనం ఏం పాద్షాలం?" మాకు నవ్వొచ్చింది. నిజామంటే మేమేనని అందరూ అనుకుంటారు. నిజాం కాలంలో మా తాత జాగీర్దారు ఎడ్లు కాశాడు.

అమ్మీ తెల్లన్నం పెట్టుకుని కూచుంది. "ఇంత చారన్నా లేదా కొడకా" అని తెలుగులోనే గొణిగింది. నీళ్లు పోస్తున్న సర్వర్ కుర్రాడు ఆగాడు.

"అమ్మా, మీది నల్లగొండనా?"

"అవు బిడ్డా. నీకెట్ల ఎరుక?"

"మాట తెలుస్తలేదా! మాది సూర్యాపేట కాడ."

అంతే, మాయమయ్యాడు. కాసేపటికి స్టాఫ్ క్యాంటీన్ నుంచి స్టీలు గిన్నెలో పప్పుచారు తెచ్చాడు. మేనేజర్ అటు తిరిగి ఉన్నప్పుడు అమ్మీ కంచం పక్కన పెట్టాడు. అమ్మీ కలుపుకుని, చెయ్యి నాక్కుంటూ తింది. ఆ ఏడు వానలు పడ్డాయా, మూసీ కాలువకి నీళ్లు వదిలారా, వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులున్నాయా, అన్నీ అడిగింది. పేరు అడగలేదు. అతనూ అడగలేదు.

వచ్చేటప్పుడు కొంగుముడి విప్పి ఇరవై రూపాయలు చేతిలో పెట్టబోతే వద్దన్నాడు. "రఖ్ లే బేటా" అంది అమ్మీ.

"సరే అమ్మా" అని తీసుకున్నాడు.