ఏకలవ్యుని రథవిద్య

ముప్ఫై మూడేళ్లు పాఠశాలలో తెలుగు చెప్పి, సంధులూ సమాసాలూ తప్ప వేరే యంత్రం ఎరుగని నేను మోటారు పందేల గురించి వ్రాయబూనడం కొంత వింతగానే ఉంటుంది. అయితే ఈ విషయంలో మొదట నన్ను ఆకర్షించినది యంత్రం కాదు, ఒక మాట. అందుకే సాహసిస్తున్నాను.

ఆ మాట 'స్టాక్ కారు'. మనకు స్టాకు అనగానే చౌకధరల దుకాణం గుర్తుకు వస్తుంది. "స్టాకు రాలేదు, వచ్చే వారం రండి" అనే డీలరు గొంతు వినిపిస్తుంది. అమెరికావారి పందెంలోనూ దాని అర్థం దాదాపు అదే. పందెం కోసం ప్రత్యేకంగా చేయించినది కాక, దుకాణంలో అమ్మకానికి నిలువ ఉన్న, సామాన్య గృహస్థు కొనుక్కొనే కారు అని. ఆ దేశపు దక్షిణ రాష్ట్రాల కొండల్లో నాటుసారా కాచి, రాత్రివేళ కార్లలో పట్టణాలకు చేరవేసేవారు. అధికారుల కన్నుగప్పడానికి కారు పైకి మామూలుగా కనబడాలి. తరిమితే దొరకకుండా ఇంజను మాత్రం బలంగా ఉండాలి. అలా నడిపి చెయ్యి తిరిగినవారిలో కొందరు పందేల్లోకి దిగారు. 1948లో ఈ పందేలకు నాస్కార్ అనే సంస్థ ఏర్పడింది. 1949లో, మార్పుచేర్పులు లేని స్టాకు కార్లకే అంటూ పోటీలు మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ మాటలో శబ్దమే మిగిలింది. లోపల ఉక్కు గొట్టాల పంజరం, పైన షెవర్లే, ఫోర్డు, టొయోటాల ముఖాలు. నువ్వుల నుండి పుట్టిన 'తైలం' ఆముదానికీ కొబ్బరినూనెకూ కూడా పేరైనట్లే ఇదీ ఒక అర్థవిపరిణామం.

మా అమ్మాయి కాపురం నార్త్ కెరొలినాలో, షార్లెట్ నగరం పక్కన. నాస్కార్ జట్ల కార్యశాలలు చాలామటుకు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. నేనక్కడ ఉన్న రోజుల్లో ఇంట్లో ఒక వ్యాజ్యం నా ముందుకు వచ్చింది. పద్నాలుగేళ్ల మనవడు బల్లకు ఒక స్టీరింగు చక్రం బిగించుకొని, ఎదుట కంప్యూటరు తెర పెట్టుకొని, రోజూ రెండేసి గంటలు పందెం కార్లు నడుపుతాడు. "నాన్నా, మీరైనా చెప్పండి వీడికి. ఇది ఆటే గానీ చదువా?" అని తల్లి ఫిర్యాదు. "ఆట కాదు తాతయ్యా, రాజా కరూత్ ఇలాగే నేర్చుకున్నాడు" అని వాడి వాదన.

పేరు వినగానే మన తెలుగువాడేమో అనుకొన్నాను. కాదు. అతడు 2002లో అట్లాంటాలో పుట్టి, వాషింగ్టన్ నగరంలో పెరిగిన నల్లజాతి యువకుడు. తీర్పు చెప్పవలసినవాడు సాక్ష్యం పరిశీలించాలి కదా! మనవడి సాయంతో అతని ప్రస్థానాన్ని మొదటి నుండి చదివాను, పందేలు కొన్ని చూశాను. ఆ కథ మా ఇంటి వ్యాజ్యం కన్నా పెద్దదని తేలింది.

ఈ విద్యలో సాధారణంగా ఎదిగే క్రమం వేరు. జెఫ్ గోర్డన్ అనే ప్రసిద్ధుని సంగతే చూడండి. ఐదేళ్ల ప్రాయంలోనే చిన్నపిల్లల పందెపు బండి ఎక్కాడు. చిన్న వయసువారిని పెద్ద బండ్లు నడపనిచ్చే అవకాశాల కోసం అతని కుటుంబం కాలిఫోర్నియాలోని కాపురం ఎత్తివేసి ఇండియానాకు తరలిపోయింది. 1992 చివర అగ్రశ్రేణి అయిన కప్ పోటీలో తొలి పందెం, 1995లో ఇరవై నాలుగేళ్లకు తొలి ఛాంపియన్ పదవి. మొత్తం మెట్లను లెక్కపెడితే ఇలా ఉంటాయి: ముందు పిల్లల బండ్లు, తరువాత లెజెండ్స్ అనే చిట్టి కార్లు, ఊళ్లలోని పొట్టి దారుల మీద లేట్ మోడల్ కార్లు, ఆ పైన ఆర్కా పోటీలు, ఆ పైన పికప్ రూపంలో ఉండే ట్రక్కుల పోటీ, ఆ పైన రెండవ శ్రేణి, చిట్టచివర కప్. ప్రతి మెట్టుకూ టైర్లు, ఇంజన్లు, పనివారు, ప్రయాణాలు. అన్నిటికీ డబ్బు కావాలి. పందేలు నడిపే కుటుంబంలోనో, పందేలకు డబ్బు పెట్టగల కుటుంబంలోనో పుట్టడం ఇక్కడ మొదటి అర్హత వంటిది.

కరూత్‌కు ఆ అర్హత లేదు. చిన్ననాడు కార్ల బొమ్మల సినిమా చూసి ఈ పిచ్చిలో పడ్డాడు. 2018 ప్రాంతంలో, తోటి పోటీదారులు అప్పటికే పదేళ్లు నిజమైన దారుల మీద తిరిగి ఉన్న వయసులో, ఇతడు ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఐరేసింగ్ అనే ఆ ప్రయోగశాల వంటి ఆటలో పందెపు దారులను లేజరుతో కొలిచి, గతుకులూ వాలులూ ఉన్నవి ఉన్నట్లు తెర మీదికి తెచ్చారు. గురువు లేడు, రథం లేదు. ప్రతిమ ఒక్కటే ఉంది.

తెలుగు పండితుడికి ఇక్కడ ఏకలవ్యుడు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? మట్టితో ద్రోణుని రూపం చేసుకొని, దాని ముందు విల్లు పట్టిన నిషాదపుత్రుడు. మట్టి ద్రోణుడు తప్పు దిద్దడు, భుజం తట్టడు. కానీ ఆ ప్రతిమ ఒక పని చేస్తుంది: శిష్యుడు తనను తాను దిద్దుకొనేందుకు ఎదురుగా నిలుస్తుంది. గాజుతెర చేసేదీ అదే.

ఐతే ప్రతిమ ఇవ్వలేనివి కూడా ఉన్నాయి. పందెపు దారి ఎక్కువగా అండాకారం. ఎడమకు తిరగడమే పని. చూసేవారికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ మలుపులో కారు ముక్కు తిరగనని మొరాయించి గోడవైపు జారితే దాన్ని 'టైట్' అంటారు. వెనుక భాగం జారి ముందుకు రాబోతే 'లూజ్' అంటారు. టైర్లు అరిగేకొద్దీ, పెట్రోలు తగ్గి బరువు తేలికయ్యేకొద్దీ, ఎండ వాలేకొద్దీ ఈ గుణం చుట్టుచుట్టుకూ మారుతుంది. నిజమైన కారులో ఆ మార్పు మొదట నడుముకూ వెన్నుకూ తెలుస్తుంది, ఆ తరువాతే కంటికి. తెర ముందు నేర్చినవాడు కంటితోనూ, చేతిలోని చక్రపు లాగుడుతోనూ మాత్రమే పసిగట్టాలి. లోపల యాభై డిగ్రీలకు చేరే వేడి అక్కడ లేదు. గోడకు కొట్టుకుంటే కొత్త కారు మీట నొక్కగానే వస్తుంది, ప్రాణభయం రాదు. కరూత్ నిజమైన కారెక్కినాక నేర్చుకోవలసి వచ్చింది ఈ శరీరపు పాఠాన్నే.

నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు ఈ సందర్భంలో మాటిమాటికీ మనసులో మెదిలాడు. టైపు నేర్చుకొంటే గుమాస్తా ఉద్యోగం దొరికే రోజులవి. ఇన్‌స్టిట్యూటుకు ఫీజు కట్టే స్తోమతు అతనికి లేదు. అట్టముక్క మీద అక్షరాల గళ్లు గీసుకొని, రాత్రిళ్లు దాని మీద వేళ్లు ఆడించేవాడు. ఏ వేలు ఎక్కడికి పోవాలో వేలికి వచ్చేసింది. కానీ అట్టకు బరువు లేదు, మీట నొక్కితే ఎదురు తన్నదు, కాగితం మీద అక్షరం పడదు. ఊళ్లోని ఇన్‌స్టిట్యూటు యజమాని ఒకాయన, సాయంత్రం చివరి బ్యాచి వెళ్లిపోయాక ఖాళీగా ఉన్న ఒక యంత్రం మీద ఆ కుర్రవాణ్ణి కూర్చోనిచ్చాడు. లోయరూ, ఆ తరువాత హయ్యరూ ప్యాసయ్యాడు. ఆ విజయంలో అట్టకు ఎంత భాగం, ఆ ఖాళీ కుర్చీకి ఎంత భాగం అని నేను చాలాసార్లు ఆలోచించాను. అట్ట లేకపోతే కుర్చీ వృథా. కుర్చీ లేకపోతే అట్ట అట్టగానే మిగిలిపోతుంది.

కరూత్‌కు అటువంటి కుర్చీ 2019లో దొరికింది. అవకాశం లేని వర్గాల యువతను పైకి తేవడానికి నాస్కార్ 2004లో ఒక పథకం మొదలుపెట్టింది. ఆ పథకం కింద రెవ్ రేసింగ్ జట్టు కరూత్‌ను తీసుకొని లెజెండ్స్ కారెక్కించింది. 2020లో లేట్ మోడల్. 2021లో ఆర్కా తూర్పు విభాగం. 2022లో ఆర్కా పూర్తి పోటీలు, వాటిలో మూడవ స్థానం. ఆ యేడాదే పై రెండు శ్రేణులలోనూ తొలి అడుగులు. తెర ముందు కూర్చున్న నాటి నుండి నాలుగేళ్లలో ఇన్ని మెట్లు! దీనితోపాటు విన్‌స్టన్-సేలం స్టేట్ విశ్వవిద్యాలయంలో మోటారు క్రీడల నిర్వహణ అనే డిగ్రీ చదువు. అది 1892లో నల్లవారి చదువు కోసం పుట్టిన విద్యాలయం.

2023లో జీఎంఎస్ జట్టు తరఫున ట్రక్కుల పోటీ మొత్తం నడిపే అవకాశం వచ్చింది. ఆ ట్రక్కు మీద ఉన్న పేరు వెండెల్ స్కాట్ ఫౌండేషన్. ఆ పేరు తెలియకపోతే ఈ కథ సగమే తెలిసినట్లు.

వెండెల్ స్కాట్ 1921లో వర్జీనియాలోని డాన్‌విల్ పట్టణంలో పుట్టాడు. టాక్సీ నడిపాడు, యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశాడు, మెకానిక్కుగా బ్రతికాడు, సారా కార్లూ నడిపాడు. 1952లో పందేల్లో దిగిన కొద్దికాలానికే విన్‌స్టన్-సేలంలో జరుగుతున్న నాస్కార్ పందేనికి తన కారు లాక్కొని వెళితే, నల్లవాడివి అని అధికారులు దిగనివ్వలేదు. కరూత్ డిగ్రీ చదివిన ఊరూ అదే అని గమనించండి. స్కాట్ ఆగలేదు. తానే మెకానిక్కు, కొడుకులే పనివారు. 1961లో అగ్రశ్రేణికి చేరాడు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, మట్టి దారి మీద, మిగిలినవారి కంటే రెండు చుట్లు ముందుండి గెలిచాడు. కానీ విజేత బక్ బేకర్ అని ప్రకటించారు. గంటల తరువాత లెక్కలు సరిచూసి గెలుపు స్కాట్‌దే అన్నారు. అప్పటికి జనం వెళ్లిపోయారు, కప్పూ వెళ్లిపోయింది. 495 పందేలు నడిపిన ఆ మనిషి, ఆ ఒక్క గెలుపు కప్పును చూడకుండానే 1990లో కన్నుమూశాడు. 2015లో గౌరవ మందిరంలో స్థానం ఇచ్చారు. కప్పు ఆయన కుటుంబం చేతికి అందినది 2021 ఆగస్టులో.

కుమారుల విద్యాప్రదర్శన రంగంలో కర్ణుడు విల్లు ఎక్కుపెట్టగానే కృపుడు ఏమడిగాడు? నీ కులమేది, నీ తల్లిదండ్రులెవరు అని. బాణం ఎక్కడ తగిలిందని అడగలేదు. స్కాట్‌ను అడిగినదీ అదే ప్రశ్న. ఆ రంగంలో దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చి నిలబెట్టాడు గనుక కర్ణుడు పోటీకి తగినవాడయ్యాడు. ఈనాటి భాషలో దాన్ని స్పాన్సర్‌షిప్పు అంటారు. స్కాట్‌కు ఏ రాజూ అటువంటి రాజ్యం ఇవ్వలేదు.

కరూత్‌కు కూడా 2023లో గెలుపు రాలేదు. సంవత్సరాంతంలో జీఎంఎస్ జట్టే మూతపడింది. ఎక్కిన మెట్టు కాలికింద నుండి జారిపోవడమంటే ఇదే. 2024లో స్పైర్ అనే జట్టు చోటిచ్చింది. హెండ్రిక్ అనే కార్ల వ్యాపార సంస్థ ట్రక్కు మీద తన పేరు వేసి డబ్బు పెట్టింది. మార్చి 1న లాస్ వేగస్‌లో, అందరికన్నా ముందు వరుసలో బయలుదేరి, అందరికన్నా ముందు ముగించాడు. వయసు ఇరవై ఒకటి. నాస్కార్ మూడు జాతీయ శ్రేణులలో దేనిలోనైనా గెలిచిన మూడవ నల్లజాతీయుడు. మొదటివాడు స్కాట్, రెండవవాడు 2013లో ట్రక్కుల పందెం గెలిచి, 2021లో కప్ పందెమూ గెలిచిన బబ్బా వాలెస్. ఆ మే నెలలోనే కరూత్ డిగ్రీ పట్టా అందుకొన్నాడు. 2025 మేలో నాష్‌విల్‌లో మరొక గెలుపు. కప్పు అతనికి ఆ రాత్రే చేతికి వచ్చింది. కొడుకుల దాకా ఆగవలసిన పని లేకపోయింది.

మా ఇంటి వ్యాజ్యానికి ఈ సాక్ష్యంతో నేను చెప్పిన తీర్పు ఇది. మనవడితో అన్నాను: "నీ ఉదాహరణ సరైనదే, కానీ నీవు సగమే చెప్పావు. ఆ తెర ముందు కూర్చున్న పిల్లలు అసంఖ్యాకంగా ఉన్నారు. ట్రక్కు దాకా వెళ్లినవాడు పందేలతో పాటు పరీక్షలూ వదలలేదు." అమ్మాయితో అన్నాను: "అది ఆటే. కానీ చదువు కూడా కావచ్చు. గంటలు నీవు నిర్ణయించు, చక్రం మాత్రం విప్పించకు." ఇద్దరికీ సగం సగం సంతోషమే కలిగింది. తీర్పు సరిగ్గా ఉన్నదనడానికి అది చాలు.

ఏకలవ్యుని కథ చెప్పేటప్పుడు మనం అతని పట్టుదలను మెచ్చుకొంటాం, బొటనవేలి దగ్గర నిట్టూరుస్తాం, అక్కడితో ఆపేస్తాం. బొటనవేలు పోకుండా ఉండి ఉంటే అతడు ఏ రంగంలోకి వచ్చి విల్లు ఎత్తేవాడు, అతనికి అక్కడ ద్వారం ఎవరు తెరిచేవారు అన్న ప్రశ్న నా తరగతిలో ఏ పిల్లవాడూ అడగలేదు. ప్రతిభ తనంత తానే పైకి వస్తుందని మనం సులువుగా అనేస్తాం. స్కాట్‌కు ప్రతిభ తక్కువై ఆ కప్పు అందకపోలేదు. అతనికీ కరూత్‌కూ మధ్య గడిచిన అరవై ఏళ్లలో మారినది ఎక్కేవాని కాళ్ల బలం కాదు, మెట్లు. ఆ మెట్లు వాటంతట అవి మొలవలేదు, కట్టినవారున్నారు, కట్టించినవారున్నారు. ఎక్కినవాణ్ణి పొగడేటప్పుడు వారిని కూడా తలచుకోవడం న్యాయం.