కుదుపు ఎక్కడికి పోతుంది

ఆటోమేటిక్ కారు నడిపేవాళ్ళలో చాలామందికి గేరు ఎప్పుడు మారిందో తెలియదు. తెలియకూడదనే మాలాంటివాళ్ళకి జీతాలిస్తారు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్ళలో ఉండే బోలెడంతమంది తెలుగు ఇంజనీర్లలో నేనూ ఒకదాన్ని. నా పని షిఫ్ట్ కాలిబ్రేషన్. ఒకటి నుంచి రెండుకి మారే ఆ అర క్షణంలో ఇంజను టార్కుని ఎంత తగ్గించాలి, ఆయిల్ ప్రెషర్‌ని ఎంత మెల్లగా పెంచాలి అన్నదే రోజంతా గోల. కప్పులో కాఫీ తొణక్కపోతే పని బాగా చేసినట్టు. అలాంటిదాన్ని శనివారం వచ్చేసరికి నా పాత పికప్ ట్రక్కు కింద దూరి, గేర్లు గట్టిగా పడేట్టు చేస్తానంటే మా ఆయనకి నవ్వొచ్చింది. “వారమంతా అల్లి, శనివారం విప్పుతావా?” అన్నాడు.

ట్రక్కు 2003 మోడల్. అందులో ఉన్నది జనరల్ మోటార్స్ వాళ్ళ 4ఎల్60-ఈ. నాలుగు గేర్లు, వాటి నిష్పత్తులు 3.06, 1.63, 1.00, 0.70. మొదటి రెండు అంకెల మధ్య ఎంత దూరముందో చూడండి. ఒకటో గేరులో నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్న ఇంజను రెండులోకి వచ్చేసరికి 1600కి దిగిపోవాలి. మాన్యువల్ బండిలో ఆ బేరం మన ఎడమ కాలు చూసుకుంటుంది. ఇక్కడ రెండో గేరు పడటమంటే, తిరుగుతున్న ఒక డ్రమ్ము చుట్టూ పట్టీ బిగుసుకుని దాన్ని ఆపడం. మెల్లగా బిగుసుకుంటే డ్రమ్ము జారుతూ జారుతూ ఆగుతుంది. లోపల కూర్చున్నవాళ్ళకి ఏమీ తెలియదు. కానీ జారినంతసేపూ ఇంజను తోస్తూనే ఉంటుంది కదా, పట్టీ ఆ వేడిలో కాలుతూ ఉంటుంది. ఠక్కున బిగుసుకుంటే పట్టీకి సుఖం, మన మెడకి కుదుపు.

ఈ మెత్తదనం కోసం లోపల అక్యుములేటర్ అని ఒకటి పెడతారు. ఒక చిన్న పిస్టన్, దాని వెనక ఒక స్ప్రింగు, అంతే. పట్టీని బిగించడానికి పరిగెత్తే ఆయిల్‌లో కొంత ఇది తాగేస్తుంది, అందుకే బిగింపు నెమ్మదిస్తుంది. షోరూంలో టెస్ట్ డ్రైవ్ చేసేవాడికి నచ్చేది ఈ పిస్టనే అని నా అభిప్రాయం. ఇది కొత్త మోజేం కాదు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్‌లో హైడ్రామాటిక్ వచ్చింది, గేర్లు దానంతటదే మార్చుకునేది. 1948లో బ్యూక్ వాళ్ళు డైనాఫ్లో తెచ్చారు. మామూలుగా నడిపేటప్పుడు దాంట్లో గేరన్నదే మారదు, టార్క్ కన్వర్టరే అంతా లాక్కొస్తుంది. ఈడ్చుకుంటూ కదిలేది, అయినా జనం కొన్నారు. కుదుపు లేకపోవడమే హోదా అయిపోయింది మరి.

నేను తెప్పించింది షిఫ్ట్ కిట్. నిజానికి ఆ పేరు ట్రాన్స్‌గో కంపెనీ ట్రేడ్‌మార్కు. అయినా మనవాళ్ళకి వనస్పతి అంతా డాల్డా అయినట్టు ఇక్కడ అందరూ అన్నిటినీ అలాగే పిలుస్తారు. పొట్లం విప్పితే నాలుగు స్ప్రింగులు, కొన్ని చిన్న ముక్కలు, ఒక డ్రిల్ బిట్, సూచనల కాగితం. అడుగున ఆయిల్ పాన్ విప్పి, ఫిల్టర్ తీసి, వాల్వ్ బాడీ దించాలి. చీమల పుట్టని అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, అల్యూమినియంలో అన్నీ దారులే. దాని మీద ఒక ఇనప రేకు, రేకు నిండా చిల్లులు. ఏ చిల్లు ఎంత ఉంటే ఆ గేరుకి ఆయిల్ అంత త్వరగా చేరుతుంది. చిల్లు పెద్దది చేయడం ఒక్క నిమిషం పని. చిన్నది చేయలేం, కొత్త రేకు కొనుక్కోవాల్సిందే.

ఆ డ్రిల్ చేతిలో పట్టుకుని ఆగిపోయింది ఇందుకే. తెనాలి నుంచి అమ్మ ఆరు నెలలకని వచ్చి ఉంది. మెడకి స్పాండిలోసిస్, కాలర్ లేకుండా బయటికి రాదు. మా ఆయన కారు కంటే ఈ ట్రక్కంటేనే ఇష్టం, బస్సులో ముందు సీటులా ఎత్తుగా ఉంటుందని. అప్పుడు కూడా పక్కనే స్టూలేసుకుని ఫోన్ టార్చ్ పట్టుకుని ఉంది.

“ఏం చేస్తున్నావే దాన్ని?”

“గేర్లు గట్టిగా పడేట్టు చేస్తున్నా.”

“ఇప్పుడు మెత్తగానే ఉన్నాయిగా?”

“మెత్తగా ఉంటే లోపల అరుగుతుందమ్మా. పైకి తెలియదంతే.”

పాన్‌లోంచి తీసిన ఆయిల్ వైపు చూసింది. కొత్తప్పుడు కుంకుమ నీళ్ళలా ఉండాల్సింది, డికాక్షన్‌లా ఉంది. “సరే, నా మెడ సంగతి కూడా చూసి చెయ్యి,” అంది.

కొందరు అక్యుములేటర్‌ని పూర్తిగా మూసేస్తారు. గేరు పడ్డప్పుడల్లా వెనక టైర్లు కీచుమంటాయి, వాళ్ళకదే ఆనందం. నాకది మీసం మెలేయడంలా అనిపిస్తుంది. అంత దెబ్బ పదేపదే పడితే పట్టీ బతుకుతుందేమో గానీ లోపలి సన్ షెల్ విరుగుతుంది. ఈ ట్రాన్స్‌మిషన్‌కి అది పేరుమోసిన బలహీనత. నేను కాగితం మీద ఉన్న రెండు సైజుల్లో చిన్నదే వేశాను. అక్యుములేటర్‌ని ఉంచి, దాని స్ప్రింగు మాత్రం గట్టిది పెట్టాను. తిరిగి బిగించేటప్పుడు చెక్ బాల్స్ జారి పడిపోకుండా వాజలిన్ అద్దాలి, వేడెక్కాక అదే ఆయిల్‌లో కరిగిపోతుంది. గరాజ్‌లో లేదు. అమ్మ పాదాల పగుళ్ళకి రాసుకునే డబ్బా తెచ్చిచ్చింది.

మర్నాడు పొద్దున ఇద్దరం ఫ్రీవే ఎక్కాం. రెండో గేరు ఇప్పుడు తలుపు గడియ పడ్డట్టు పడుతోంది, చప్పుడు లేదు, తెలుస్తోంది. అమ్మ ఒక చెయ్యి కాలర్ మీద పెట్టుకుని లెక్కపెడుతోంది. రెండు. మూడు. కాసేపాగి, నాలుగు. మళ్ళీ కాసేపాగి, “ఐదు.”

“నాలుగేనమ్మా ఉన్నవి.”

“లేదే, ఇంకోటి పడింది. సన్నగా.”

నిజమే, పడింది. అది గేరు కాదు, టార్క్ కన్వర్టర్ లాకప్. నాలుగో గేరులో వేగం కుదిరాక ఇంజనుని నేరుగా గేర్లకి కలిపేసే చిన్న క్లచ్. ఇంజను ఒక రెండు మూడొందల చుట్లు దిగుతుందంతే. ఆఫీసులో దాన్ని పట్టుకోవడానికి మేం ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాం.