అమ్మ చెవికి కాశీయాత్ర

2020 ఏప్రిల్‌లో మా అమ్మా పెద్దమ్మా కాశీ వెళ్ళాలి. టిక్కెట్లు జనవరిలోనే తీశాం. తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చెయ్యాలని అమ్మ మొక్కు. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే రైళ్ళన్నీ ఆగిపోయాయి. 25న ఉగాది. శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి. దేశానికి తాళం పడింది సరిగ్గా ఆ పండగ నాడే. అమ్మ తెనాలిలో ఒక్కతీ, నేను హైదరాబాదులో కొంపల్లి దగ్గర నాలుగో అంతస్తులో. వీడియోలో ఒకరి ఉగాది పచ్చడి ఒకరికి చూపించుకున్నాం. నా గిన్నె ఆమెకి సరిగ్గా కనపడలేదు.

అప్పటికే అమ్మ రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. కాశీ నుంచి రాగానే ఆపరేషన్ చేయిద్దాం అనుకున్నాం. అత్యవసరం కానివన్నీ ఆసుపత్రులు ఆపేయడంతో అది ఎప్పటికో తెలియకుండా పోయింది. పేపరు చదివిపెట్టే పక్కింటి పిల్ల గడప దాటి రావడానికి లేదు. టీవీ పెడితే పొద్దస్తమానం కరోనా అంకెలు. నాలుగో రోజున అమ్మ అంది: "ఏదన్నా చదివి పంపవే. మనిషి గొంతు విని ఎన్నాళ్ళయిందో."

రోజుకి రెండుసార్లు నాతో మాట్లాడుతూనే ఉంది కదా అనుకున్నాను. తర్వాత తెలిసింది. మేం మాట్లాడుకునేది మందులున్నాయా, పాలొచ్చాయా, తలుపు తియ్యకు. అవి జాగ్రత్తలు. కబుర్లు కావు. అమ్మ ఉషశ్రీ గారిని విన్న మనిషి. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ రేడియోలో ఆయన రామాయణమో భారతమో చెబుతుంటే చేతిలో గరిట చేతిలోనే ఉండి పొయ్యి మీద చారు పొంగిపోయిన రోజులు నాకు తెలుసు. గొంతు అంటే ఆమెకి అది. ఎక్కడో దూరంగా కూర్చున్న మనిషి, తన ఇంట్లోకి వచ్చి తనకే చెబుతున్నట్టుండడం.

మొదట చదివి పంపింది వాట్సాప్‌లో. అమ్మ విని పెద్దమ్మకి పంపింది, పెద్దమ్మ తమతో కాశీ రావాల్సిన మిగతా ఆడవాళ్ళకి పంపింది. వారం తిరిగేసరికి మూడో భాగం వచ్చినవాళ్ళకి రెండోది రాలేదు, రెండోది విన్నవాళ్ళకి మొదటిది దొరకలేదు. అప్పుడు మా తమ్ముడి కొడుకు చెప్పాడు, "అత్తా, పాడ్‌కాస్ట్ చేసెయ్" అని. యాంకర్ అనే యాప్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, ఫోనులోనే రికార్డు చేసి అక్కడ పెడితే కొత్త భాగం వచ్చినప్పుడల్లా అదే అందరి ఫోన్లకీ చేరుతుందన్నాడు. పాడ్‌కాస్ట్ అనే మాట 2004లో లండన్ గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ రాసిన వ్యాసంలో కనిపించింది. ఐపాడ్‌లోని పాడ్, బ్రాడ్‌కాస్ట్‌లోని కాస్ట్ కలిపిన మాట. అమ్మ మాత్రం చివరిదాకా "నీ రేడియో" అనే అంది. నాకూ ఆ పేరే ఇష్టం.

పాడ్‌కాస్ట్ అనగానే నా గొంతు మారిపోయింది. "శ్రోతలందరికీ నమస్కారం" అని మొదలుపెట్టి, గొంతు బరువు చేసుకుని, ప్రతి వాక్యాన్నీ ఇస్త్రీ చేసి చదివాను. సాయంత్రం అమ్మ ఫోను చేసి అడిగింది: "ఎవరితోనే మాట్లాడుతున్నావు? నాతో కాదుగా?" ఆ భాగం తీసేశాను. తెలియని వందమందిని మనసులో పెట్టుకుని చదివితే ఒక్కరికీ చేరలేదు. మర్నాడు అమ్మ ఫొటో ఫోను వెనక గోడకి ఆనించి, ఆమెకే చదివాను.

అలా చదవడానికి ఏం పుస్తకం దొరుకుతుంది? రచయిత పోయి 60 ఏళ్ళు దాటితే గాని ఎవరి అనుమతీ లేకుండా చదవకూడదు. అప్పుడు అల్మరాలో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర కనిపించింది. దిగవల్లి వేంకట శివరావు గారు పరిష్కరించిన 1941 నాటి ముద్రణకి నకలు. పీఠిక, వివరణలు ఆయనవి గనుక వాటి జోలికి పోలేదు. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న పల్లకీలో బయల్దేరి, దాదాపు వందమంది పరివారంతో హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరి, గయ చూసుకుని, పూరీ దాకా వచ్చి, కోస్తా వెంట 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఈ పదిహేను నెలల సంగతులూ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి ఎప్పటికప్పుడు రాసి పంపాడు. ఆయన పోయాక 1838లో అచ్చు వేయించింది ఆ స్నేహితుడే. అంటే ఈ పుస్తకం పుట్టడమే ఒక్క మనిషి కోసం పుట్టింది. ఆ సంగతి గుర్తుకొచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బీరువా తలుపులు రెండూ తెరిచి, వేలాడే చీరల మధ్య ఫోను పెట్టి, తెల్లవారుజామున నాలుగున్నరకి చదివేదాన్ని. ఖాళీ గోడలు గొంతుని తిరగ్గొడతాయి, బట్టలు పీల్చుకుంటాయి. ఫ్యాను ఆపాలి. పెదవులు కలిసే అక్షరాలు, ముఖ్యంగా ఫ, భ, మైకు మీద ఊదినట్టు పడతాయి. నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పెడితే తగ్గుతుంది. నా గొంతు మొదటిసారి విని బెదిరిపోయాను, ఇంత పలచగానా అని. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక పుర్రె ఎముకల్లోంచి కూడా చెవికి చేరుతుందట, ఎముక మంద్రస్వరాన్ని బాగా మోస్తుందట. రికార్డులో ఆ ఎముకల వాటా ఉండదు. లోకం ఇన్నాళ్ళూ విన్నది ఆ పలచటి గొంతునే. అమ్మకి తెలిసింది కూడా అదే. ఆ ఆలోచనతో భయం పోయింది.

చదవడం మొదలుపెట్టాక గాని ఊపిరి సంగతి తెలియలేదు. 1830 నాటి వాక్యాలు పొడుగ్గా సాగుతాయి. క్రియ కోసం అరపేజీ ఆగాలి. పెన్సిలుతో ఊపిరి తీసుకునే చోట్ల గీతలు పెట్టుకున్నాను. ఊరంతా ఊపిరి గురించి భయపడుతున్న రోజుల్లో, నేను వాక్యానికి ఇన్ని అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ ఊపిరి చప్పుళ్ళని యాప్‌లో కత్తిరించవచ్చు. కత్తిరించలేదు.

మా బాల్కనీలోంచి 44వ నంబరు జాతీయ రహదారి కనిపిస్తుంది. ఏప్రిల్‌లో దాని మీద లారీలు లేవు, మనుషులున్నారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, ఒకతని భుజం మీద ముసలితల్లి. అందరూ సొంతూళ్ళకి పోతున్న వలస కూలీలు, మేడ్చల్ వైపు నడుస్తున్నారు. అంటే నాగపూరు వైపు, వీరాస్వామయ్య వెళ్ళిన వైపే. ఆయన ప్రతి మజిలీ దగ్గరా ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్ళున్నాయా, బావుల్లో నీళ్ళు బాగుంటాయా అని శ్రద్ధగా రాసుకున్నాడు, వెనక వచ్చేవాళ్ళకి పనికొస్తుందని. ఆయన పల్లకీలో ఉన్నాడు. పల్లకీ మోసిన బోయీలు ఆ దారంతా నడిచారు. ఈ దారికి నడక కొత్త కాదు. కానీ ఆ బోయీలకి ముందు మజిలీలో బియ్యం ఉంటుందని తెలుసు.

నేను చూసింది అమ్మకి ఫోనులో చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది: "వాళ్ళ దారిలో బావులున్నాయటే?"

రెండు వారాలు ఆ పుస్తకం విన్న మనిషి అడగాల్సిన ప్రశ్న అది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు పుస్తకం తియ్యలేదు. బాల్కనీలో నిలబడి చూసింది చూసినట్టు చెప్పాను. రోడ్డు పక్కన మా కాలనీవాళ్ళు పెట్టిన నీళ్ళ డ్రమ్ములు, మజ్జిగ, పాత చెప్పుల కుప్పలో తన కాలికి సరిపోయే జత వెతుక్కుంటున్న పదేళ్ళ పిల్ల. మా వీధిలో చెయ్యగలిగింది అంతే, అది చాలదని చెప్పాను. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి దాదాపు 1,200 మంది వలస కార్మికులతో మొదటి శ్రామిక్ రైలు కదిలినప్పుడు, ఆ వార్త ఒక్కటే రెండు నిమిషాలు చదివి పంపాను. బావుల భాగాన్ని విన్నంతమంది మిగతా ఏ భాగాన్నీ వినలేదు. అందులో కళ ఏమీ లేదు. ఒకరు అడిగారు, ఒకరు చెప్పారు.

న్యూజెర్సీ నుంచి ఒకాయన రాశారు. నెల్లూరులో వాళ్ళమ్మా, అక్కడ తనూ ఒకే రోజు ఒకే భాగం విని, సాయంత్రం దాని గురించి మాట్లాడుకుంటున్నారట. జాగ్రత్తలు చెప్పుకోవడం అయిపోయాక మౌనం రావడం లేదని రాశారు. ఆ ఉత్తరాన్ని దాచుకున్నాను.

ఆగస్టుకి నా చదువులో వీరాస్వామయ్య కాశీ విడిచి తిరుగుదారి పట్టాడు. గోదావరి దాటి, కృష్ణ వైపు దిగుతుంటే అమ్మకి చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఊళ్ళ పేర్లు నేను పలికినట్టు కాదంది, ఏ ఊరి నుంచి ఏ ఊరు ఎంత దూరమో చెప్పింది. వాళ్ళ నాయనమ్మ కాశీ వెళ్ళొచ్చినప్పుడు సీలు వేసిన గంగ చెంబుతో బండి దిగిందనీ, ఊరంతా ఎదురొచ్చిందనీ, కాశీ సమారాధనకి ఆకులు చాలక అరటితోట కొట్టారనీ చెప్పుకుపోయింది. ఇది నాకు చెప్పడం కాదు, రికార్డు చెయ్యాలన్నాను. పక్కింటి పిల్ల మాస్కు కట్టుకుని, కిటికీ అవతల నిలబడి, ఊచల్లోంచి ఫోను లోపలికి పట్టుకుంది.

ఫైలు వచ్చింది. పదకొండు నిమిషాలు. మొదట్లో కుర్చీ జరిగిన చప్పుడు, వీధిలో ఎక్కడో కోడి, అమ్మ గొంతు సవరించుకోవడం, కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆమె మొదటి మాట: "వినపడుతోందటే?"

ఎక్కడా కత్తిరించకుండా, ఆ కుర్చీ చప్పుడు నుంచే పెట్టాను.