నిమ్మళంగా ఉరుకుడు

మా ఇండ్లల్లో మగపిల్లలకు కొన్ని మాటలు పాలతో పాటే పట్టిస్తారు. పొద్దుపోయినంక బయట తిరగొద్దు. గుంపున్న చోట నిలబడొద్దు. జేబులో కార్డు లేకుండా గడప దాటొద్దు. అన్నింటికన్నా ముఖ్యం, సడక్ మీద ఉరకొద్దు. "దౌడ్నా నక్కో బేటా" అని అమ్మీ నాకు ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటుందో లెక్కలేదు. బస్సు కదిలిపోతున్నా సరే, ఇంకోటి వస్తుంది, ఉరకొద్దు. వాన కొడుతున్నా సరే, తడిస్తే ఆరుతుంది, ఉరకొద్దు. అందరి అమ్మలూ ఉరకొద్దనే అంటారు, పడతావని. మా అమ్మల భయం మోకాలిచిప్పల గురించి కాదు. ఉరికేవాడి పేరు తెలిసినంక చూసేవాళ్ళు ఏమనుకుంటారో అన్నది వాళ్ళ భయం.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు నేను రిపోర్టర్‌ని. ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత పాతబస్తీ నుంచి యువకులను ఎట్లా పట్టుకుపోయారో, వాళ్ళు ఎట్లాంటి ఒంటితో తిరిగొచ్చారో, కోర్టులు వాళ్ళను నిర్దోషులని ఎప్పుడు వదిలాయో వార్తలుగా రాసినవాణ్ణే. ఆ రోజుల్లో అమ్మీ మాట పిరికితనం అనిపించేది కాదు, లోకజ్ఞానం అనిపించేది. మా గల్లీ పిల్లలు క్రికెట్ బంతి కోసం రోడ్డు దాటేటప్పుడు కూడా నడిచే దాటేవాళ్ళు. నవ్వకండి, కళ్ళారా చూసి చెబుతున్నాను.

అట్లాంటివాణ్ణి ముప్పై ఎనిమిదో ఏట పరుగు మొదలుపెట్టాను. పెద్ద ఆదర్శమేం లేదు. డెస్క్ మీద రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని పేజీలు వదిలే ఉద్యోగం, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. సుగర్ హద్దు మీదికొచ్చి నిలబడింది. నడవమన్నారు. నడిచి నడిచి విసుగొచ్చి ఉరికాను. ఆగస్టు నెలలో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21 కిలోమీటర్లు, రెండుసార్లు పూర్తి చేశాను. ఛాతీ మీద నంబరు గుచ్చుకుంటే ఉరకడానికి లైసెన్సు దొరికినట్టుంటుంది. నంబరు కింద పేరు కూడా అచ్చేస్తారు. ఆ పొద్దు మాత్రం పేరు చూసి కూడా జనం చప్పట్లే కొడతారు.

మా అబ్బా దీన్ని చూడలేదు. చూసి ఉంటే సంతోషపడేవాడు, ఎందుకంటే ఆయన ఉరికిన కాలం వేరు. నల్లగొండలో బూట్లు లేకుండా ఫుట్‌బాల్ ఆడినవాడు. రహీం సాబ్ పేరు పీర్ల పేరంత భక్తిగా తలిచేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో ఆర్ట్స్ చదివిన బడిపంతులు. నేనూ ఆర్ట్స్ బి.ఎ.నే కాబట్టి ఆ మాట ఎక్కడ పడితే అక్కడ వాడుకుంటాను. ఆయన కోచింగ్‌లో మన దేశం 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా పోయింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికి ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మరుసటి ఏడే పోయాడు. ఆయన తయారుచేసిన జట్టు పేరేమిటో తెలుసా? హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన జట్టు. పోలీసు బనీను వేసుకుని మనవాళ్ళు ఉరుకుతుంటే ఊరంతా వెర్రెత్తి చూసేదట. అబ్బా ఈ కథ చెబుతుంటే, అమ్మీ అన్నం గిన్నెలోంచి తలెత్తకుండా "ఓ జమానా గయా" అనేది.

2024 సెప్టెంబరులో నాకు డెంగీ వచ్చింది. దోమకు కులం లేదు, మతం లేదు అని ఎవరైనా సంపాదకీయం రాయొచ్చు, నేనే రెండు మూడు రాసి ఉంటాను. అది సగం నిజం. డెంగీని మోసే ఈడిస్ దోమ మురుగులో పుట్టదు, నిలవ ఉన్న మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే బస్తీలో జనం డ్రముల్లో, బిందెల్లో, సంపుల్లో నీళ్ళు పట్టి పెట్టుకుంటారు. ఇరవై నాలుగ్గంటలు నీళ్ళొచ్చే ఇంట్లో డ్రమ్ము ఉండదు. కాబట్టి దోమకు మతం లేకపోవచ్చు గాని అడ్రసు మాత్రం దానికి తెలుసు.

ఐదు రోజులు 103, 104. ఎముకల్లో ఎవరో సుత్తెతో కొడుతున్నట్టు నొప్పి. జ్వరం తగ్గినరోజు ఇంట్లో అందరం గండం గడిచిందనుకున్నాం. డాక్టరమ్మ మాత్రం ఇప్పుడే పైలంగా ఉండాలంది. డెంగీలో జ్వరం దిగిన ఒకటి రెండు రోజులే అసలు గండమట, రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుందట. లక్షన్నరకు పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 28 వేలకు దిగాయి. మోకాళ్ళ నొప్పికి మా రన్నర్లు చాక్లెట్లలాగా మింగే బ్రూఫెన్ జోలికి పోవద్దని, పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వద్దని గట్టిగా చెప్పింది. ఆ గోలీలు రక్తస్రావాన్ని పెంచుతాయి. అమ్మీ తన వైద్యం తాను చేసింది. బొప్పాయి ఆకు రసం, పాయా షోర్వా, చదివి ఊదిన నీళ్ళు. రాత్రి నా తలగడ కింద పైసలు పెట్టి తెల్లారి సద్‌ఖా ఇచ్చేది. దేనివల్ల బతికానన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సి వస్తుందేమోనని మా రన్నింగ్ గ్రూపుకు ఫోను పోయింది. నలుగురొచ్చారు. రక్తం ఎవరిదైనా ఎర్రగానే ఉంటుంది అని మీరు అనబోతున్నారని తెలుసు. ప్లేట్‌లెట్లు పసుప్పచ్చగా ఉంటాయి. అయినా నాకు ఎక్కించలేదు. రక్తం కారకుండా ఉంటే, కౌంటు పదివేల కిందికి పోతే తప్ప అక్కర లేదని డాక్టరమ్మ ఆగింది. మూడోరోజు నుంచి కౌంటు దానంతటదే పైకి జరిగింది. ఆ నలుగురిలో ఒకతను మాత్రం రెండు రాత్రులు ఆస్పత్రి వరండాలో ఇనుప కుర్చీ మీదే కూర్చున్నాడు. వద్దన్నా పోలేదు. అతని గురించి మళ్ళీ చెబుతాను.

మూడు వారాల తర్వాత ఉరకొచ్చా అని అడిగాను. 1966లో డల్లాస్‌లో ఐదుగురు కుర్రాళ్ళను మూడు వారాలు మంచం మీదే పడుకోబెట్టి పరీక్షించారని, ఒంటికి ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి పావువంతుకు పైగా పడిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ ఐదుగురినే పరీక్షిస్తే, ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టం ఆ మూడు వారాల మంచం చేసినంత లేదట. వాళ్ళేమో ఇరవై ఏళ్ళవాళ్ళు, జబ్బు లేనివాళ్ళు. నాకు నలభై ఆరు. పొద్దున లేవగానే 58 ఉండే నాడి 80 కొడుతోంది.

"పరుగెత్తండి, కాని మాట్లాడగలిగినంత నెమ్మదిగా. పూర్తి వాక్యం చెప్పగలగాలి. మధ్యలో ఊపిరి తెగితే నడవండి. రోజు విడిచి రోజే."

"ఎవరితో మాట్లాడాలమ్మా?"

"ఎవరితోనైనా. ఎవరూ లేకపోతే మీలో మీరే."

220లోంచి వయసు తీసేస్తే 174. అందులో డెబ్బై శాతం 122. నాడి అది దాటకూడదు. ఇది మోటు లెక్కే, మనిషి మనిషికీ మారుతుంది. ఆర్ట్స్ గ్రాడ్యుయేటుకు ఇంతకన్నా సూక్ష్మం పట్టదు.

ఒక్కణ్ణే పంపడానికి నా సహచరి ఒప్పుకోలేదు. ఎనిమిదో తరగతి చదివే మా బిడ్డను సైకిలిచ్చి నా వెంట కాపలా పెట్టింది. టోలీచౌకి నుంచి సెవెన్ టూంబ్స్ రోడ్డు పట్టుకుని కుతుబ్‌షాహీ సమాధుల దిక్కు. ఫజర్ నమాజు నుంచి వచ్చే ముసలాయనలు ఆగి చూసేవాళ్ళు. ఆడపిల్లకు సైకిలెందుకని ఒకాయన అడిగాడు కూడా. మా బిడ్డ గోడకు నిఖత్ జరీన్ బొమ్మ అంటించుకుంది. నిజామాబాద్ పిల్ల, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. ఆ పిల్లనూ నిక్కర్లేంటని అన్నవాళ్ళున్నారు. మా బిడ్డ ఆయనకు సలామ్ చెప్పి బెల్లు కొట్టుకుంటూ ముందుకు పోయింది. నాకు జవాబిచ్చేంత ఊపిరి లేదు.

కిలోమీటరుకు ఆరు నిమిషాల్లో పోయేవాణ్ణి తొమ్మిదిన్నర. పాల ప్యాకెట్లవాడు నడుస్తూ నన్ను దాటిపోయాడు. "అబ్బా, ఆప్ దౌడ్ రైఁ కి చల్ రైఁ?" అని మా బిడ్డ నిజంగానే అడిగింది. జబ్బు పడక ముందు నేను ఉరికిన ప్రతిసారీ లోపల ఒక తొందర ఉండేది. చీకట్లో పెట్రోలింగ్ బండి పక్కనుంచి పోతే నడుం నిటారయ్యేది, చేతులు కనపడేట్టు పెట్టుకునేవాణ్ణి. ఒకసారి ఆపి ఎందుకు ఉరుకుతున్నవని అడిగారు కూడా. ఈ చాల్‌తో పోయేవాణ్ణి ఎవరాపుతారు? ఇంత నిమ్మళంగా ఏ దొంగా పారిపోడు. ఎదురొచ్చేవాళ్ళకు నా మొహం పూర్తిగా చూసే టైముంటుంది, నాకు వాళ్ళ మొహం చూసే టైముంటుంది. అమ్మీ భయానికి మందు దొరికినట్టే ఉంది గాని, అందుకోసం ప్రతివాడూ డెంగీ తెచ్చుకోలేడు కదా.

మాట్లాడాలి కాబట్టి మాట్లాడాను. నాలుగో రోజో ఐదో రోజో మా బిడ్డ ఒకటి కనిపెట్టింది. అంకెలు లెక్కపెట్టేటప్పుడు నేను తెలుగులో లెక్కపెడతానట, ఆయాసమొస్తే ఉర్దూలోకి దిగుతానట. నిజమే. ఎక్కాలు ఊరి బడిలో తెలుగులో నేర్చాను, మూలగడం అమ్మీ దగ్గర నేర్చాను. "మీ మాతృభాష ఉర్దూ కదా, తెలుగు ఇంత బాగా ఎట్లా వచ్చింది?" అని పాతికేళ్ళుగా అడిగించుకుంటున్నాను. అదే తెలుగు ఊళ్ళో పుట్టినవాణ్ణి తెలుగు ఎట్లా వచ్చిందని అడగడం, చేపను ఈత ఎక్కడ నేర్చావని అడగడం. ఉర్దూ పత్రికలో పనిచేసిన మూడేళ్ళూ ఇంకో పాట. నా ఉర్దూలో తెలుగు వాసనొస్తుందని లక్నో ఉచ్చారణ వాళ్ళు మూతి విరిచేవాళ్ళు. ఇక్కడ ఉర్దూవాణ్ణి, అక్కడ తెలుగువాణ్ణి. దమ్ తగ్గినప్పుడు మాత్రం రెండూ ఏ పంచాయితీ లేకుండా పని పంచుకున్నాయి.

ఇక ఆ ఇనుప కుర్చీ మనిషి. ఐ.టి. కంపెనీలో పని, నాకన్నా పదేళ్ళు చిన్న, నన్ను అన్నా అంటాడు. 2020 ఏప్రిల్‌లో, మర్కజ్ పేరు చెప్పి కరోనాకు టోపీ తొడిగిన రోజుల్లో, మా రన్నింగ్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. ముస్లిం పండ్లవ్యాపారి దగ్గర కొనొద్దని, ఉమ్మి అమ్ముతున్నారని. ఆ వారమే మా కాలనీ గేటు దగ్గర జ్వరముందా అని అడగకముందు నా పేరేంటని అడిగారు. గ్రూపులోకి ఆ వీడియో పంపింది ఇతనే. నేను అప్పుడు ఏమీ అనలేదు. నాలుగేళ్ళు కలిసి ఉరికాం, కలిసి టిఫిన్లు చేశాం, ఎవరం ఆ ఊసెత్తలేదు.

మూడో వారం మా బిడ్డకు పరీక్షలు. ఆ పొద్దు అతనొచ్చాడు. ఐదు నిమిషాల్లో కిలోమీటరు కొట్టేవాడికి నా నడకలాంటి ఉరుకుడు నిజంగా కష్టమే, కాళ్ళు అటూ ఇటూ తగులుతున్నాయి. మోకాళ్ళ గురించి, కొత్త బూట్ల ధరల గురించి, వాళ్ళబ్బాయి చదువు గురించి మాట్లాడుకుంటూ బంజారా దర్వాజా దాటాం. వాక్యాలు తెగకుండా వస్తున్నాయి. అప్పుడు అడిగాను.

"తమ్మీ, 2020ల ఒక వీడియో పంపినవ్ గుర్తుందా? పండ్లు, ఉమ్మి."

వంద అడుగులు మాట్లాడలేదు. ఊపిరి లేక కాదు.

"అది నేను తీసింది కాదన్నా. నాకొచ్చింది పంపిన."

"నాకూ వచ్చింది. నువ్వు పంపితేనే వచ్చింది."

"నిన్ను అనుకొని పంపలే అన్నా."

"తెలుసు. మరి ఎవర్ని అనుకున్నవ్?"

జవాబు చెప్పలేదు. ఇద్దరం నడకలోకి దిగాం. గడియారం చూసుకుంటే నాడి 131. ఆ మూడు వారాల్లో ఉరికినప్పుడు కూడా అంత పోలేదు. అతను తన నీళ్ళ సీసా ఇచ్చాడు, తాగాను. సమాధుల గోడ పొడుగునా ఎవరం ఏం మాట్లాడలేదు. వెనక్కి తిరిగినంక, మా గల్లీ మొదట్లో ఆగి, "రేపొస్తవా అన్నా?" అన్నాడు.

"రేపు కాదు. డాక్టరమ్మ రోజు విడిచి రోజే ఉరకమంది."

"అయితే ఎల్లుండి."

ఎల్లుండి నాకన్నా ముందే వచ్చి, గల్లీ మొదట్లో బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు.