దొంగ ఇంట్లో మోగే అలారం

మాది జగ్గయ్యపేట. 2022లో మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లాలో కలిపినా, ఊరేదంటే ఇప్పటికీ "కృష్ణా జిల్లా" అనే నోటికొస్తుంది. నందిగామలో మా బాబాయికి డీటీపీ, జిరాక్సు షాపుంది. మొన్న ఫోన్ చేసి, "ఒరే అబ్బాయ్, కొత్త కంప్యూటర్ కొంటున్నా. దొంగ ముట్టుకుంటే అరిచే అలారం ఉందట, తీసుకోమంటావా?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వాడన్నాక ఇన్వర్టరు నుంచి టీవీ రిమోటు దాకా అన్నీ మన సబ్జెక్టులే కదా!

దానికోసం డబ్బులు పెట్టొద్దన్నాను. ఎందుకో చెప్తాను.

కొన్ని డెస్క్‌టాపుల్లో ఉండేది నిజానికి ఓ చిన్న స్విచ్చి. కేబినెట్ మూత తీస్తే బయోస్ గుర్తుపెట్టుకుంటుంది. ప్లగ్గు పీకేసినా మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ వల్ల ఆ గుర్తు పోదు. మళ్ళీ ఆన్ చేసినప్పుడు 'మూత తీశారు' అని తెర మీద చూపిస్తుంది. బానే ఉంది. కానీ షాపులో పడ్డ దొంగ స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోడుగా, సీపీయూ మొత్తాన్నే చంకలో పెట్టుకుపోతాడు. ఆ మెసేజి వచ్చేది వాడింట్లో!

సొంత బ్యాటరీతో గట్టిగా అరిచేవీ ఉన్నాయి. వినేదెవరు? కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్‌లు కుయ్‌మనే షాపుల వరసలో అర్ధరాత్రి ఇంకో కూత వినబడితే, "కరెంటు పోయినట్టుంది" అనుకుని అటు తిరిగి పడుకుంటారు.

అలాగని ఆ స్విచ్చి దండగని కాదు. కాలేజీ ల్యాబుల్లో, ఆఫీసుల్లో లోపలి మనిషే మూత తీసి ర్యామ్ జేబులో వేసుకునే చోట పనికొస్తుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో మీకు తెలుసుగా. అక్కడైనా బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టకపోతే ఆ గుర్తు చెరిపెయ్యడం క్షణం పని.

బాబాయి విషయంలో నా భయం వేరే. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయన పాత కంప్యూటర్ చూశాను. తెర నిండా జనాల ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, బ్యాంకు పాసుబుక్కుల మొదటి పేజీలు. స్కాన్ చేసి, ప్రింటిచ్చి, అలాగే వదిలేసినవి. మిషను పోతే బాబాయికి కొన్ని వేలు నష్టం. అందులో ఉన్నవి పోతే నష్టపోయేది, పది రూపాయలిచ్చి కాపీ తీయించుకున్న రైతు. తనవి పోయాయని కూడా ఆయనకి తెలీదు. ఏ అలారమూ ఆయన కోసం మోగదు.

అందుకే నాలుగు పనులు చెప్పాను. కేబినెట్‌కి వెనక తాళం వేసే కన్నం ఉంటుంది, అందులోంచి ఉక్కు తాడు వేసి టేబులుకి కట్టు. బిట్‌లాకర్‌తో డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసి ఇంట్లో దాచు. పెళ్ళికార్డుల డిజైన్లు, అను ఫాంట్లలో కొట్టిన ఫైళ్ళు వారానికోసారి బయటి డిస్కులోకి ఎక్కించి ఇంటికి పట్టుకెళ్ళు. షట్టర్ దించేముందు ఆ రోజు స్కాన్లు చెరిపెయ్, రీసైకిల్ బిన్‌తో సహా.

మూడింటికి సరేనన్నాడు. నాలుగోదానికి మాత్రం, "మళ్ళీ వచ్చి ఇంకో కాపీ అడుగుతార్రా, పాపం ఒరిజినల్ కోసం ఊరికెళ్ళి రావాలంటే వాళ్ళకి ఓ పూట కూలి పోద్ది" అన్నాడు. అదీ నిజమే. అయినా ఒకరికి పోయే పూట కూలి కంటే అందరి కాగితాలూ దొంగ చేతిలో పడటం పెద్ద నష్టం అంటాను నేను. ఈ వాదన ఇంకా తెగలేదు. మీరేమంటారు?